జూమ్లాతో పన్నెండేళ్లు, మధ్యలో ఒక డిసెంబర్

వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ జూమ్లాని 2012 నుంచి వాడుతున్నాను, మొదట మా బాబాయి పుస్తకాల షాపు సైటుకి, తర్వాత ఇంకో రెండు మూడు చిన్న సైట్లకి. ఎడిటర్, మెనూలు, టెంప్లేట్ల గురించి అందరూ రాస్తూనే ఉంటారు, అవి బాగానే ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది 2015 డిసెంబర్ సంగతి.

14న, సోమవారం, ఒక భద్రతా లోపాన్ని పూడ్చే ప్యాచ్‌గా జూమ్లా 3.4.6 వచ్చింది. మర్నాడు పొద్దున్నే టీ కూడా తాగకుండా అప్‌డేట్ కొట్టి, ఎందుకైనా మంచిదని యాక్సెస్ లాగ్ (సైటుకి ఎవరెవరు వచ్చారో రాసుండే ఫైలు) తెరిస్తే 13వ తేదీన ఒక లైను. బ్రౌజర్ పేరు ఉండాల్సిన యూజర్ ఏజెంట్ చోట ‘ఓ’, కోలన్, 21, కోలన్, ఆ వెనక జేడేటాబేస్‌డ్రైవర్‌మైఎస్‌క్యూఎల్‌ఐ అని జూమ్లా కోడ్‌లోని సొంత క్లాసు పేరు, ఆ 21 దాని పొడవన్నమాట. ఇంగ్లిష్‌లో వేలు పెట్టి లెక్కపెట్టాను, సరిగ్గా 21 అక్షరాలు. ఎవడో సీరియలైజ్ చేసిన, అంటే రాతగా మార్చిన ప్రోగ్రామ్ ఆబ్జెక్ట్‌ని బ్రౌజర్ పేరు ముసుగేసి పంపాడు, అదీ ప్యాచ్ రాకముందే.

జరిగేదేంటంటే, జూమ్లా ఆ యూజర్ ఏజెంట్‌ని ఉన్నదున్నట్టు సెషన్‌లో (వచ్చినవాళ్ల వివరాలు గుర్తుపెట్టుకునే చోట) పెట్టుకుని డేటాబేస్‌లో దాచేది. దాని చివర నాలుగు బైట్ల అక్షరం ఒకటి తగిలిస్తే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని, మూడు బైట్ల దాకే పట్టే పాత యూటీఎఫ్8 అక్షర పద్ధతి అక్కడికి తెంపేసేది, ఆ తెగిన ముక్కని తిరిగి చదివేటప్పుడు జూమ్లాని నడిపే భాష పీహెచ్‌పీ తడబడి వాడు పంపిన రాతలోంచి నిజంగానే ఆబ్జెక్ట్‌ని తయారుచేసేది, ఇక ఆ ఆబ్జెక్ట్ పని అయిపోయి పోతూ పోతూ డిస్ట్రక్టర్‌ని (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు దానంతటదే నడిచే కోడ్‌ని) నడిపేది, దాంతోపాటు వాడికి కావాల్సిన కోడ్ కూడా. లాగిన్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు.

సగం తప్పు పీహెచ్‌పీదే, దాన్ని సెప్టెంబర్‌లోనే 5.4.45, 5.5.29, 5.6.13లలో సరిచేశారు. మా హోస్టింగ్ వాళ్లు (పేరు వద్దులెండి) మాత్రం అంతకన్నా పాతదాని మీదే ఉన్నారు. అడిగితే “సర్వర్ బాగానే నడుస్తోంది కదా సార్” అన్నారు! సైట్లోకి ఎవడైనా దూరాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు, కొత్త ఫైళ్లేమీ కనబడలేదు, అయినా మనసొప్పక మొత్తం తుడిచేసి 10వ తేదీ బ్యాకప్ ఎక్కించాను. ఈలోపు బాబాయి కూర్చుని ఎక్కించిన పిల్లల పుస్తకాల లిస్టు పోయింది, దానికి ఆయన నన్ను ఇంకా దెప్పుతూనే ఉంటాడు.

నాకు బాగా నచ్చిందేంటంటే, సపోర్ట్ ఎప్పుడో ఆపేసిన 1.5, 2.5లకి కూడా ప్యాచ్ ఇచ్చారు. నా బద్ధకం వల్ల ఒక 1.5 సైటు అప్పటికీ మిగిలి ఉంది, ఒక్క సెషన్ ఫైలు మారిస్తే పనైపోయింది. కానీ బయటి నుంచి వచ్చిన హెడర్‌ని (ఆ యూజర్ ఏజెంట్ లాంటిదాన్ని) 1.5 కాలం నుంచీ అలా సెషన్‌లో కుక్కుతుంటే ఇన్నేళ్లు ఎవరి కంటా పడలేదంటే ఏమనాలి?

ఇలాంటిదే వేరే సాఫ్ట్‌వేర్‌కి మారిపోదామనుకున్నా. వర్డ్‌ప్రెస్ 2013లో 3.6.1తో ఇలాంటి కన్నమే పూడ్చుకుంది, తర్వాత 2019 ఫిబ్రవరిలో డ్రూపల్ 8కి రెస్ట్ అనే మాడ్యూల్ దారిలో ఇదే గోల. ఇక ఎక్కడికని పోతాం, ఉండిపోయాను.

ఇప్పుడు ఏ ఎక్స్‌టెన్షన్ అయినా వేసే ముందు జిప్ విప్పి ‘అన్‌సీరియలైజ్’ (రాతని తిరిగి ఆబ్జెక్ట్‌గా మార్చే ఫంక్షన్) అని వెతుకుతాను. మొన్నామధ్య ఒక గ్యాలరీ ఎక్స్‌టెన్షన్‌లో కుకీని తిన్నగా అందులోకి తోసేసిన లైను దొరికింది, ఆబ్జెక్టులు తయారుచేయని, ఉత్త డేటా రాత పద్ధతి జేసన్ వాడి చావొచ్చుగా మహానుభావా. వెంటనే తీసి పారేశాను.

నా రేటింగ్ అయిదుకి నాలుగు.