బెసలూలో ఒక రాత్రి

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో బెసలూ ఓ పాత ఊరు. బార్సిలోనా నుంచి నడిపే ఒక్కరోజు టూర్లలో దానికి దక్కేది ఒకటి రెండు గంటలే. వంతెన మీద ఫోటో, ఓ ఐస్‌క్రీమ్, మళ్లీ బస్సు. మేం దగ్గర్లోని గిరోనా నగరంలో మామూలు బస్సెక్కి గంటలో దిగి, రాత్రికి అక్కడే ఉండిపోయాం.

ఫ్లువియా నది మీది ఆ వంతెన తిన్నగా ఉండదు, మోచెయ్యి మడిచినట్టు మధ్యలో వంగుతుంది. నదిలో గట్టి బండ ఎక్కడుంటే అక్కడ స్తంభం నిలబెట్టుకుంటూ పోవడంతో వచ్చిన వంకర అది. ఏడు ఆర్చులు, 105 మీటర్ల పొడవు, నడుమ ఓ బురుజు. పుట్టుక 11వ శతాబ్దంలోనే అయినా వరదలకు దెబ్బతింది, 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం చివర వెనక్కి తగ్గుతున్న సైన్యం కొంత పేల్చేసింది, ఆ తర్వాత తిరిగి కట్టారు. పాత రాయేదో కొత్త రాయేదో పోల్చుకుంటూ మా ఆవిడ అరగంట అక్కడే నిలబడింది.

దాదాపు రెండున్నర వేల జనమున్న ఈ ఊరు ఒకప్పుడు ఓ చిన్న రాజ్యానికి రాజధాని. చివరి ప్రభువు మూడో బెర్నాట్ బార్సిలోనా ప్రభువు కూతుర్ని చేసుకుంటూ, తనకు పిల్లలు లేకపోతే రాజ్యం మామగారికే అని రాసిచ్చాడు. 1111లో అదే జరిగింది. ఎదురుకట్నం మరీ ఖరీదైంది!

నాకు అన్నిటికన్నా నచ్చింది మిక్వే, అంటే యూదుల శుద్ధి స్నానాల గది. 1964లో నీళ్ల కోసం తవ్వుతుంటే బయటపడింది. 36 మెట్లు దిగితే రాతి కప్పు కింద చిన్న తొట్టి. మన దిగుడుబావిలోకి దిగినట్టే ఒళ్లు చల్లబడుతుంది. 15వ శతాబ్దంలో యూదులు ఊరొదిలాక అది మట్టిలో కూరుకుపోయింది. మామూలుగా తాళం వేసి ఉంటుంది, గైడ్‌తోనే వెళ్లాలి. మొదటిరోజు వేళ కనుక్కోకుండా వెళ్లి తిరిగొచ్చాం, తప్పు మాదే. మీరు దిగగానే ముందు ఆ పని చూసుకోండి. సంత్ పెరె చర్చి బయటి నుంచి చూసినా చాలు. కిటికీకి అటూ ఇటూ ఉన్న రెండు రాతి సింహాలను వదలొద్దు. దాని ముందున్న మైదానం ఒకప్పటి శ్మశానమట, ఇప్పుడు పిల్లలు బంతాడుతున్నారు.

బస మాత్రం అంతంతమాత్రం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, గులకరాళ్ల వీధిలో సూట్‌కేసు చక్రం ఒకటి ఊడింది. గది శుభ్రం, కిటికీలోంచి నది కనబడుతుంది, కాబట్టి తిట్టుకుంటూనే క్షమించేశాం. మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, రాత్రి భోజనం ఎనిమిదిన్నర దాటితే గానీ పెట్టరు. పిల్లలతో వెళ్తే బిస్కెట్లు దగ్గరుంచుకోండి. శాకాహారులకు ఎస్కలివాడా ఉంది: నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికం, ఆలివ్ నూనె. మనింటి కాల్చిన వంకాయ పచ్చడికి కారం లేని అక్క. నేను రెండుసార్లు తెప్పించుకున్నాను.

టూరిస్టు బస్సులన్నీ వెళ్లిపోయాక వంతెన మీద మేమిద్దరం, ఓ కుక్క, దాని యజమాని ముసలాయన. దీపాల వెలుగులో ఆర్చులు నీళ్లలో గుండ్రంగా పూర్తయ్యాయి. ఆయన ఏదో అన్నాడు, అక్కడి భాష కాటలాన్‌లో. తల ఊపాం. కుక్క మా వెంట బురుజు దాకా వచ్చింది.