క్యాంపర్ వ్యాన్‌లో ఎయిర్ ఫ్రయర్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

మా టెంపో ట్రావెలర్‌ను రెండేళ్ల కిందట తిరుపతిలోనే ఒక బాడీ షెడ్డులో క్యాంపర్ వ్యాన్‌గా మార్పించుకున్నాం. వెనక పడకలు, పక్కన చిన్న వంటగట్టు, దాని కింద ఐదు కిలోల గ్యాస్ సిలిండరు, రెండు బర్నర్ల పొయ్యి, ఒక చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. నలుగురం నాలుగైదు రోజులు బయట గడపడానికి ఆ ఏర్పాటు చాలింది. అందులోకి ఎయిర్ ఫ్రయర్ కూడా తీసుకెళ్లాలా అన్న మాట నిరుడు వినాయక చవితి సెలవులకు ముందు ఇంట్లో వచ్చింది. అమ్మకు నూనె తగ్గించమని డాక్టరు చెప్పారు. మా అబ్బాయికేమో వేపుడు లేనిదే ముద్ద దిగదు. ఇద్దరికీ సరిపోతుందని నాలుగు లీటర్ల, 1400 వాట్ల యంత్రాన్ని కొన్నాం. ఎనిమిది నెలలు దాన్ని ఊళ్లకు తిప్పి చూశాక తేలిన విషయాలను, వ్యాన్ ఉన్నవారికీ కొనాలనుకుంటున్నవారికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

పేరులో ఫ్రయర్ అని ఉన్నా ఇది దేన్నీ నూనెలో వేయించదు. పైన వేడెక్కే తీగ, దాని మీద వేగంగా తిరిగే ఫ్యాను, కింద జల్లెడలాంటి బుట్ట, అంతే. 2010లో ఫిలిప్స్ సంస్థ బెర్లిన్ ప్రదర్శనలో జనానికి పరిచయం చేసిన ఈ పద్ధతి ఇంటి వంటగదిలో గోడకున్న సాకెట్టును నమ్ముకొని పుట్టింది. వ్యాన్‌లో ఆ గోడా లేదు, ఆ సాకెట్టూ లేదు. మాకు ఎదురైన చిక్కుల్లో చాలా వరకు అక్కడి నుంచే వచ్చాయి.

మొదటి ప్రయాణంలో వ్యాన్‌లో ఉన్నది ఇళ్లలో వాడే 850 వీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యానికి కొలత) ట్యూబులర్ బ్యాటరీ, అంటే ఇళ్ల ఇన్వర్టర్లకు పెట్టే సీసం బ్యాటరీ. యంత్రం ఆన్ చేయగానే ఇన్వర్టరు రెండుసార్లు కూతపెట్టి ఆగిపోయింది. అది ఆగక తప్పదు, ఎందుకంటే ఆ ఇన్వర్టరు ఇవ్వగలిగింది 700 వాట్ల చుట్టుపక్కలే. తిరిగి వచ్చాక మా వీధి ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే, "అన్నా, ఇన్వర్టరొకటే మారిస్తే చాలదు, బ్యాటరీ కూడా మార్చాల" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది. 230 వోల్టుల దగ్గర 1400 వాట్లంటే 6 ఆంపియర్లే, కానీ అంత శక్తిని 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే, ఇన్వర్టరులో పోయే నష్టంతో కలిపి 130 ఆంపియర్ల దాకా లాగాలి. ట్యూబులర్ బ్యాటరీ మీద రాసి ఉండే సామర్థ్యం గంటల తరబడి నెమ్మదిగా వాడుకున్నప్పుడు వచ్చేది. ఒక్కసారిగా అంత లాగితే అందులో చాలా భాగం మన చేతికి అందదు, బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గిపోతుంది. చివరికి ఇంటి కరెంటు లాంటి కరెంటునే ఇచ్చే 2000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు, 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, వేలంత లావు రాగి కేబుళ్లు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించాం. ఐదు వేల లోపు వచ్చిన యంత్రం కోసం యాభై వేలు దాటి ఖర్చయింది. ఆ బ్యాటరీ ఫ్రిజ్‌కూ ఫ్యాన్లకూ కూడా పనికొస్తుంది కనుక మొత్తం ఖర్చును దీని ఖాతాలో రాయను. అయినా యంత్రం కొనేముందే ఈ సంగతి తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎంత కరెంటు తింటుందో చూడటానికి సాకెట్టుకు చిన్న మీటరు తగిలించాను. అరకిలో గెణుసుగడ్డ ముక్కలు 180 డిగ్రీల దగ్గర 18 నిమిషాలకు 0.3 యూనిట్లు, కోడి కాళ్లు 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలకు 0.46 యూనిట్లు తీసుకున్నాయి. మా లిథియం బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్లు. అంటే ఒక పూట కోడి కాళ్లకే, నష్టాలతో కలిపి, ఐదో వంతు ఖాళీ అవుతుంది. పైకప్పు మీది 300 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు ఒక యూనిట్టుకు కాస్త పైన ఇస్తుంది, అందులో సగం ఫ్రిజ్‌కే సరిపోతుంది. ఇక ఐదు కిలోల గ్యాసులో ఉండే వేడిని యూనిట్లలోకి మారిస్తే అరవై పైమాటే. పొయ్యి దగ్గర మూడో వంతు గాలిలో కలిసిపోయినా, మిగిలినది మా బ్యాటరీ లాంటివి పదహారు నిండుగా ఉన్నంత. వ్యాన్‌లో వంట గురించి ఆలోచించేవారు ఈ పోలికను మనసులో పెట్టుకోవాలని నా మనవి.

బయటి కరెంటు దొరికితే ఈ లెక్కలన్నీ తేలికవుతాయి, అయితే ఆ కరెంటు సరైనదై ఉండాలి. ఒక ఊళ్లో లాడ్జి ఆవరణలో వ్యాన్ నిలిపి, వాళ్లు ఇచ్చిన పొడవాటి సన్నని ఎక్స్‌టెన్షన్ తీగతో యంత్రం నడిపాం. పావుగంటలో అయ్యే ముక్కలు అరగంటైనా మెత్తగానే ఉన్నాయి. మీటరు చూస్తే 190 వోల్టులు. వోల్టేజీ తగ్గితే వేడి అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది, 190 దగ్గర 1400 వాట్ల యంత్రం 950 వాట్లకు పడిపోతుంది. మా ఆవిడ ప్లగ్గు పట్టుకొని, వేడికి చెయ్యి వెనక్కి తీసుకుంది. బయటికి లాగి చూస్తే ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, కాలిన వాసన వేస్తోంది. ఆ రోజు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, 16 ఆంపియర్ల ప్లగ్గుతో సొంతంగా చేయించుకున్న ఎక్స్‌టెన్షన్ తప్ప మరొకటి వాడలేదు.

రుచి సంగతికి వస్తే, గెణుసుగడ్డ, చామగడ్డ, కాలీఫ్లవర్, కోడి కాళ్లు చాలా బాగా వచ్చాయి. అన్నిటికన్నా బాగా కుదిరినవి చెనక్కాయ గింజలు. 160 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు, మధ్యలో రెండుసార్లు బుట్ట కుదిపితే, ఇసుకలో వేయించినట్టు లోపలి దాకా సమంగా వేగాయి. అప్పడం మాత్రం ఫ్యాను గాలికి లేచి పైనున్న వేడి తీగకు అంటుకుంది, పొగ వ్యాన్ నిండా కమ్ముకొని తలుపులన్నీ తెరవాల్సి వచ్చింది. తర్వాత దాని మీద చిన్న స్టీలు జాలీ బరువుగా పెడితే బాగానే వేగింది. జారుగా ఉండే పిండి బుట్ట కన్నాల్లోంచి కారిపోతుంది కనుక బజ్జీ, గారె దీనిలో రావు. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా కుదరదనే ఇంటికి బాణలి, నూనె తప్పవు.

అసలు మన భోజనంలో అన్నం, సంగటి, పప్పు, చారు అన్నీ ఉడికేవే. ఈ యంత్రం వాటిలో ఒక్కదాన్నీ వండలేదు, విస్తరిలో ఒక మూలకు వేపుడు మాత్రమే ఇవ్వగలదు. కాబట్టి గ్యాసు పొయ్యి, కుక్కరు ఎలాగూ రావాల్సిందే. సముద్రమట్టానికి 1200 మీటర్లు దాటి ఉన్న హార్స్లీ హిల్స్‌లో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక అక్కడ కుక్కరు లేనిదే పప్పు మెత్తబడటం కష్టం. అక్కడ డిసెంబరు రాత్రి, అతిథి గృహం వాళ్లు ఇచ్చిన మంచి కరెంటుతో, కిటికీ అద్దాలు మూసుకొని గెణుసుగడ్డలు కాల్చుకుంటే వ్యాన్ వెచ్చబడింది, అందరూ యంత్రం చుట్టూ చేరారు. ఈ యంత్రం తెచ్చినందుకు నేను నిండుగా సంతోషించిన రాత్రి అది. అదే పని మే నెలలో తిరుపతి ఎండలో చేస్తే లోపల కూర్చోలేం. ఒక టన్ను ఏసీ బయటికి తోసే వేడిలో ఐదింట రెండు వంతుల దాకా ఈ ఒక్క యంత్రమే లోపలికి వదులుతుంది. తలకోన లాంటి చోట మాత్రం కోతుల బెడదకు తలుపులు వేసుకొని, మంట లేకుండా వండుకోవడం ఒక సౌకర్యమే.

చాలామంది ఆలోచించని విషయం ఇంకొకటి ఉంది. మా అమ్మ శనివారం ఒంటిపూట ఉంటుంది, నీచు తగిలిన గిన్నెను ఆ రోజు ముట్టదు. పొయ్యి మీదైతే గిన్నె మారిస్తే సరిపోతుంది. దీనికి బుట్ట ఒక్కటే, పైగా వేడి తీగకు అంటిన కోడి కొవ్వు ఎంత కడిగినా పూర్తిగా పోదు. అదే కారణంగా తిరుమలకు వెళ్లేటప్పుడు యంత్రాన్ని వ్యాన్‌లో ఉంచడం మానేశాం. బుట్ట కడగడానికి ప్రతిసారీ రెండు లీటర్ల నీళ్లు కావాలి, మా ట్యాంకులో పట్టేది అరవై లీటర్లే. ఇనుప బాణలి అయితే కాగితంతో తుడిచి పక్కన పెట్టేయవచ్చు.

అందుకే ఇప్పుడు మేము రాత్రి బస ఎక్కడో ముందుగా ఫోన్ చేసి, 16 ఆంపియర్ల సాకెట్టు ఉందని చెబితేనే యంత్రాన్ని ఎక్కిస్తున్నాం. అడవి దారుల్లో, వాగుల పక్కన ఆగే ప్రయాణాలకు దాన్ని ఇంట్లోనే వదిలేస్తున్నాం. లిథియం బ్యాటరీ ఇప్పటికే ఉండి, నూనె తగ్గించాల్సిన మనిషి ఇంట్లో ఉన్నవారు నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. మామూలు ఇన్వర్టరుతో, గ్యాసు పొయ్యితో తిరిగేవారు దీని కోసం వైరింగ్ అంతా మార్చుకోవాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

తీసుకెళ్లేవారికి ఒక్క జాగ్రత్త చెబుతాను. భాకరాపేట ఘాట్ మలుపుల్లో మా యంత్రం బుట్ట దానంతట అదే జారి బయటికి వచ్చి, నేల మీద పడి, ఒక మూల సొట్టపోయింది. అప్పటి నుంచి బుట్టను విడిగా తీసి పాత దుప్పటిలో చుట్టి, నాలుగున్నర కిలోల యంత్రాన్ని సీటు కింద నేల మీద పెట్టి, లగేజీ బెల్టుతో సీటు కాలికి బిగించి కడుతున్నాం.