సైబర్ బీమా పాలసీ: బిల్లు ఉన్న నష్టానికే భరోసా

మాది టోకు సరఫరా వ్యాపారం. ర్యాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లను స్తంభింపజేసి డబ్బు డిమాండ్ చేసే దాడి) జరిగాక సైబర్ బీమా కింద క్లెయిము పెట్టి, దాన్ని చివరిదాకా నడిపించిన లెక్కల విభాగం ఉద్యోగిగా ఈ సమీక్ష రాస్తున్నాను. బీమా సంస్థ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ ప్రస్తావించే లోటుపాట్లు ఈ తరహా పాలసీల్లో చాలావాటికి వర్తించేవే.

ముందుగా మంచి చెప్పాలి. పాలసీతో ఇచ్చిన అత్యవసర నంబరుకు అర్ధరాత్రి ఫోను చేస్తే మనిషే ఎత్తాడు. తెల్లవారేసరికి దాడి ఎలా జరిగిందో తేల్చే ఫోరెన్సిక్ నిపుణులూ న్యాయవాదీ పనిలోకి దిగారు. వ్యక్తిగత సమాచారం బయటికి పొక్కినప్పుడు, ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ వర్తించే సంస్థలు ఆ సంగతి తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు తెలియజేయవలసి ఉంటుంది కనుక, అలాంటి వేళ న్యాయవాది కోసం వెతుక్కునే పని తప్పడం చిన్న విషయం కాదు. దర్యాప్తు, న్యాయ సలహా, ఖాతాదారులకు నోటీసులు, డేటా పునరుద్ధరణ వంటి వాటి బిల్లులను పెద్దగా పేచీ లేకుండానే చెల్లించారు.

పేచీ అంతా బిల్లు లేని నష్టాల దగ్గర మొదలైంది. సర్వర్లు ఆగిపోయినన్నాళ్లూ గిడ్డంగి నుంచి సరుకంతా చేతిరాత చలాన్ల మీదే కదిలింది. సర్వర్లు లేచాక ఆ కట్టలను విప్పి చూస్తే, కొన్నింటి మీద సరుకు కోడ్ లేదు, కొన్నింటి మీద సంతకం ఉంది గానీ పరిమాణం లేదు. ఒకే లోడుకు రెండు ఇన్‌వాయిస్‌లు అందుకున్న ఖాతాదారుడు రెండింటినీ నిలిపివేస్తే, అసలు ఇన్‌వాయిసే అందని వారు సహజంగానే మౌనంగా ఊరుకున్నారు. వసూళ్లు ఆలస్యమయ్యాయి, ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ పెరిగింది, సంవత్సరాంతపు ఆడిట్ వెనకబడింది. మా పాలసీ నిర్వచనం ప్రకారం మాత్రం ‘వ్యాపార అంతరాయం’ సర్వర్లు లేచిన రోజే ముగిసింది. పైగా దాడి మొదలైన తొలి గంటలను వెయిటింగ్ పీరియడ్ (పరిహారం లెక్కలోకి రాని తొలి గడువు) కింద ముందే కోసేశారు. సిబ్బందికి జీతాలు ఎలాగూ ఇచ్చేవే కాబట్టి వారి శ్రమ నష్టం కిందికి రాదనీ, ఓవర్‌టైముకు మాత్రం గంటలవారీ రికార్డు చూపించాలనీ బీమా తరఫున నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు అన్నారు. సర్వర్లే పడుకున్న రోజుల్లో హాజరు యంత్రం ఏ రికార్డు రాస్తుందో ఆయనే చెప్పాలి. పాత సర్వర్ల స్థానంలో మెరుగైనవి కొన్నందుకు, ఆ మెరుగుదల విలువను కూడా క్లెయిము నుంచి తగ్గించారు.

అసలు నష్టానికీ చేతికొచ్చే పరిహారానికీ మధ్య ఈ అంతరం పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2013లో అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్ నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు చోరీ కాగా, ఆ సంస్థ చూపిన మొత్తం ఖర్చు 29.2 కోట్ల డాలర్లకు చేరింది, బీమా నుంచి వచ్చింది 9 కోట్లు. బ్రిటన్ టెలికాం సంస్థ టాక్‌టాక్‌పై 2015లో జరిగిన దాడికి పడిన జరిమానా 4 లక్షల పౌండ్లే. దాడి వల్ల తనకైన ఖర్చు మాత్రం దాదాపు 6 కోట్ల పౌండ్లని, లక్షమందికి పైగా ఖాతాదారులు వెళ్లిపోయారని ఆ సంస్థే ప్రకటించింది. యాహూలో డేటా చోరీలు బయటపడ్డాక, దాన్ని కొనబోతున్న టెలికాం సంస్థ వెరిజాన్ కొనుగోలు ధరను 35 కోట్ల డాలర్ల మేర తగ్గించింది. సంస్థ అమ్మకపు ధరలో పడిన ఇలాంటి కోతను ఏ శీర్షిక కింద అడగాలో మా పాలసీ పత్రం మొత్తం తిరగేసినా కనిపించదు.

మినహాయింపుల విభాగాన్ని సంతకానికి ముందే న్యాయవాదితో చదివించుకోవాలి. 2017 నాటి నోట్‌పెట్యా అనే మాల్‌వేర్ దాడిలో నష్టపోయిన ఔషధ సంస్థ మెర్క్, తన ఆస్తి బీమా కింద 140 కోట్ల డాలర్లు కోరినప్పుడు, బీమా సంస్థలు యుద్ధ మినహాయింపును (యుద్ధచర్యల వల్ల కలిగే నష్టానికి చెల్లించబోమనే నిబంధనను) చూపి నిరాకరించాయి. న్యూజెర్సీ అప్పీలు కోర్టు 2023లో మెర్క్ పక్షాన తీర్పు చెప్పింది. అయితే అదే ఏడాది మార్చి 31 నుంచి మొదలయ్యే లేదా పునరుద్ధరించే ప్రత్యేక సైబర్ పాలసీల్లో ప్రభుత్వాల అండతో జరిగే దాడులకు మినహాయింపు చేర్చాలని లండన్‌లోని బీమా మార్కెట్ లాయిడ్స్ తన పరిధిలోని బీమాదారులను ఆదేశించి ఉంది. దాడి వెనుక ఎవరున్నారో తేలడానికే నెలలు పట్టవచ్చు, జీతాల తేదీ మాత్రం అన్నాళ్లు ఆగదు.

పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారం విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మల్టీ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు మరో ధ్రువీకరణ అడిగే పద్ధతి) అమలులో ఉందని ఫారంలో రాసి, వాస్తవంలో సర్వర్లకు దాన్ని వర్తింపజేయలేదనే కారణంతో ట్రావెలర్స్ బీమా సంస్థ 2022లో ఒక ఖాతాదారుపై కోర్టుకెక్కింది, చివరికి ఇరుపక్షాల అంగీకారంతో ఆ పాలసీ మొదటినుంచే రద్దయింది. అంటే ఆ ఫారాన్ని ఐటీ విభాగాన్ని పక్కన కూర్చోబెట్టుకునే నింపాలి.

ఈ పాలసీకి నేను 5కు 3 ఇస్తాను, అందులో రెండు ఆ అర్ధరాత్రి ఫోను ఎత్తినందుకే. రెన్యువల్ నాటికి ప్రీమియమూ ప్రశ్నావళీ రెండూ పెరిగాయి. అంతరాయ కాలాన్ని సర్వర్లు లేచేదాకా కాక అమ్మకాలు మునుపటి స్థాయికి చేరేదాకా లెక్కించాలనీ, క్లెయిము తయారీకయ్యే అకౌంటెంట్ ఫీజును చేర్చాలనీ బ్రోకరు ద్వారా కోరాము. రెండోది వెంటనే ఒప్పుకున్నారు, మొదటిదానికి అదనపు ప్రీమియం అడిగారు. చలాన్ల కట్టలు ఇంకా బల్ల మీదే ఉన్నందున, మా యాజమాన్యం బేరమాడకుండా చెల్లించింది.