పాల టీనా, పాలు లేని టీనా: మీ కడుపుకు ఏది పడుతుంది?

టీ తాగిన కాసేపటికే కడుపులో తిప్పుతోందా? "నాకు టీ పడదు" అని మానేసే ముందు, అందులో ఏది పడట్లేదో చూసుకోండి.

వికారం: బాగా మరిగి నల్లబడ్డ టీ ఒక్క గుక్క తాగితే నాలుక పట్టేసినట్టు, బుగ్గల లోపల పొడిబారినట్టు అనిపిస్తుంది కదా, ఆ వగరు టీ ఆకులో ఉండే టానిన్లు అనే పదార్థాలదే, ఖాళీ కడుపులో వికారం తెప్పించేవీ ఎక్కువగా అవే. పాలు పోస్తే కేసిన్ అనే ప్రొటీన్ కొన్ని టానిన్లను పట్టేసుకుంటుంది. ఇక్కడ పాల టీయే నయం.

ఉబ్బరం, గ్యాస్: ఇక్కడ లెక్క తిరగబడుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగని వాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లు పాపం ఏళ్ల తరబడి టీ పొడిని తిట్టుకుంటూ ఉంటారు. ఒక వారం పాలు ఆపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

గుండెల్లో మంట: రెండూ రెండే. కెఫీన్ వల్ల యాసిడ్ ఎక్కువ ఊరుతుంది, పాలు పోసినంత మాత్రాన కెఫీన్ ఎక్కడికీ పోదు.

ఖర్చు, శ్రమ: పాలు లేనిదే చవక, వేడినీళ్లలో 2-3 నిమిషాలు నాననిస్తే చాలు. పాల టీకి పొంగకుండా పొయ్యి దగ్గర కాపలా కాయాలి.

కడుపు ఉబ్బరంగా ఉండేవాళ్లకు పాలు లేని పల్చటి టీ మంచిది. వగరుకు వికారం వచ్చేవాళ్లు, పాలు పడితే, పాల టీ తాగొచ్చు, అదీ ఏదైనా తిన్నాకే. రక్తహీనత ఉంటే మాత్రం ఏ టీ అయినా భోజనానికి గంట ఎడం ఉంచండి, ఐరన్ ఒంటికి పట్టకుండా టానిన్లు అడ్డుపడతాయి.