ఆరేళ్లుగా వాడుతున్న టెక్నిక్స్ రికార్డ్ ప్లేయర్: ఎత్తు కన్నా ముల్లు కూర్చోబెట్టడమే అసలు పని

నల్లగొండలో మా పాత ఇంట్లో బాపు దాచుకున్న ఎల్పీ రికార్డులు అరవై దాకా ఉన్నాయి. వాటి కోసమే ఆరేళ్ల కింద హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 రికార్డ్ ప్లేయర్ కొన్నాను. మోటారు గురించి చెప్పడానికేమీ లేదు. 1979 నాటి మోడల్, ఇప్పటికీ స్పీడు తప్పదు. నా తంటా అంతా ముల్లును మోసే చేయి, అంటే టోన్ ఆర్మ్‌తోనే.

మొదటి రోజే బాపు పట్టేశాడు. "పాటలన్నీ మంచిగనే ఉన్నయి గని, ఆఖరి పాటకాడ ఘంటసాల గొంతు పలుగుతున్నది చూడు బిడ్డా."

నిజమే. స, ష వచ్చిన ప్రతిచోటా బుస్సుమంటోంది. ఆర్మ్ ఎత్తు సరిగా లేదనుకున్నాను. ఈ మోడల్‌లో ఆర్మ్ మొదట్లో ఒక రింగు, దాని మీద 0 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా గీతలు ఉంటాయి. లాక్ వదిలి రింగు తిప్పితే ఆర్మ్ మొత్తం పైకి, కిందికి కదులుతుంది. పాత ఓనరు ఏళ్ల తరబడి ముట్టుకోలేదేమో, దుమ్మూ ఎండిన గ్రీజూ కలిసి బిగుసుకుపోయింది. దాన్ని కదిలించడానికే ఒక ఆదివారం పోయింది. ఆ తర్వాత రెండు నెలలు అర మిల్లీమీటరు పెంచడం, వినడం, మళ్లీ తగ్గించడం. ఒట్టి టెన్షన్.

లెక్క వేసుకున్నాక నవ్వొచ్చింది. ముల్లు నుంచి ఆర్మ్ తిరిగే చోటికి 230 మి.మీ. అంత పొడుగు మీద వెనక వైపు 4 మి.మీ. లేపితే ముల్లు వంపు మారేది సుమారు ఒక్క డిగ్రీ. నేనేమో అర మిల్లీమీటరుకు చెవులు రిక్కించాను! ఇప్పుడైతే ముల్లును రికార్డు మీద దించి, వెనక రూళ్ల కాగితం నిలబెట్టి, ఆర్మ్ గీతకు సమాంతరంగా ఉందో లేదో చూస్తాను. నాకు రెండో గీత దగ్గర కుదిరింది. ఐదేళ్లుగా దాన్ని కదపలేదు.

అసలు దొంగ కార్ట్రిడ్జ్, అంటే ఆర్మ్ కొసన ముల్లు ఉండే చిన్న డబ్బీ. రికార్డు అంచున గాడి సెకనుకు 50 సెం.మీ. పైచిలుకు కదిలితే, లేబుల్ దగ్గర 21 దాకానే. అంటే అదే గొంతు సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది. ముల్లు కాస్త వంకరగా కూర్చున్నా అక్కడే బయటపడుతుంది. ఆర్మ్ వంపుగా తిరుగుతుంది కాబట్టి గాడికి సరిగ్గా కుదిరేది రెండే చోట్ల. నేను వాడిన ప్రొట్రాక్టర్‌లో, అంటే ముల్లు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకునే గళ్ల కాగితంలో, అవి మధ్య నుంచి 66, 121 మి.మీ. దగ్గర రెండు చుక్కలుగా ఉన్నాయి.

ఆ ప్రొట్రాక్టర్‌ను జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను. రెండు రాత్రులు కుస్తీ పట్టినా రెండు చుక్కలకూ ఒకేసారి కుదరదు. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నా. చివరికి స్కేలు పెట్టి చూస్తే 100 మి.మీ. ఉండాల్సిన గీత 97 ఉంది! పేజీకి సరిపడేలా కుదించి కొట్టారు. మళ్లీ అసలు సైజులో తీయించాను.

కార్ట్రిడ్జ్‌ను పట్టుకునే హెడ్‌షెల్ స్క్రూలు అది జరిగేంత వదులు చేసి, చిన్న టార్చి వేసుకుని, ఒక చుక్క మీద ముల్లు పెట్టి కార్ట్రిడ్జ్ అంచులు గళ్లతో కలిశాయా చూడాలి. తర్వాత రెండో చుక్క. ముందుకు ఒక వెంట్రుక, లోపలికి ఒక వెంట్రుక. హెడ్‌షెల్ వెనక అంచు నుంచి ముల్లు దాకా కంపెనీ చెప్పే 52 మి.మీ. కొలత కంటే నాది కొంచెం ముందుకు వచ్చింది. నాది ఆడియో-టెక్నికా వీఎం95ఈ, స్క్రూలు నేరుగా బాడీలోకే దిగుతాయి, నట్లు కింద పడి వెతుక్కునే పని లేదు. కార్ట్రిడ్జ్ జరిపాక ముల్లు రికార్డు మీద మోపే బరువు మళ్లీ చూసుకోవాలి. బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటా కొన్నాను. ఆర్మ్ వెనక బరువు డయల్ 2 అంటే కాటా 2.3 గ్రాములు చూపించింది, 2కు తగ్గించాను.

ఆ రాత్రి ఆఖరి పాట పెట్టాను. బుస్సు పూర్తిగా పోలేదు, పాత రికార్డు అరుగుదల ఎక్కడికి పోతుంది? కానీ గొంతు పగలడం ఆగింది. బాపు ఏమీ అనలేదు, రికార్డు మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. ఆ 97 మి.మీ. కాగితం వెనక ఇప్పుడు పాల లెక్క రాసుకుంటున్నాడు.