ఖరగ్‌పూర్‌లో మా నాన్న మేనత్త

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వెళ్లేవాళ్లు స్టేషన్ ఎదుట కనిపించిన లాడ్జిలో దిగకండి. ఫోనులో గది 1,200 రూపాయలన్నారు. రాత్రిపూట సామాను పైకి చేర్చాక 1,800 కట్టమన్నారు. పనిచేయని ఏసీకి మరో 300. కుళాయిలో తుప్పు నీళ్లు, దుప్పటి మీద ఎవరివో మరకలు. రసీదు అడిగితే గుమాస్తా విననట్టే తల తిప్పుకున్నాడు. ఇది పచ్చి మోసం. అసలే అయిష్టంగా బయల్దేరిన నాన్న తెల్లవార్లూ కుర్చీలోనే కూర్చున్నారు. మర్నాడు స్టేషన్‌లోని రిటైరింగ్ రూముకు మారాం. టికెట్ పీఎన్‌ఆర్ ఉంటే ముందే బుక్ చేసుకోవచ్చు, అదే మేలు. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం పొడవునా నాన్న నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

మేం వెళ్లింది ఒక ఫోటో పట్టుకుని. శ్రీకాకుళంలో నానమ్మ పెట్టె అడుగున దొరికింది. కొత్త దంపతులు. అమ్మాయి కుర్చీ అంచును ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ల కణుపులు తేలి కనిపిస్తున్నాయి. వెనక ఖరగ్‌పూర్ స్టూడియో ముద్ర, 1958. తాతయ్య చెల్లెలట. పసుపు కుంకుమల కింద ఇస్తామన్న అరెకరం ఇవ్వకపోవడంతో రాకపోకలు తెగిపోయాయి. తర్వాత ఇంట్లో ఆవిడ ఊసే లేదు. "తలుపు తీయకపోతే?" అన్నదే నాన్న భయం.

బ్రిటిష్ కాలం నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర వాళ్లు అక్కడికి పనికి వెళ్లి స్థిరపడ్డారు. అందుకే తెలుగులోనే వాకబు చేశాం. ఊళ్లోని మథురాకాటి పేటకు టోటోలో, అంటే బ్యాటరీ ఆటోలో, మనిషికి 20 రూపాయలు తీసుకున్నారు. గుడి దగ్గర విశ్రాంత ఫిట్టర్ ఒకాయన ఫోటోలోని పెళ్లికొడుకును చూసి, "ఈయన వర్క్‌షాపులో నాకు పని నేర్పిన మేస్త్రీ!" అంటూ మాతోపాటు టోటో ఎక్కేశారు. డబ్బులిస్తే కోప్పడ్డారు.

మేనత్తకు చూపు మందగించింది. ఫోటోను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూసింది. నాన్న కాళ్లకు దండం పెడుతుంటే, "అన్నయ్య పెద్దకొడుకువా? ఏమైనా తిన్నావా?" అంది.

ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందిపచ్చడి. కోడలు బెంగాలీ అమ్మాయి, వంట మాత్రం అచ్చం మా నానమ్మ చేతివంటే! లాడ్జిలో మంచినీళ్లు కూడా ముట్టని నాన్న మూడుసార్లు కూర వేయించుకున్నారు. పొలం సంగతి ఎత్తబోతే ఆవిడ, "ముందు తిను నాయనా" అని ఆపేసింది.

తిరుగు రైలెక్కగానే నాన్న బాబాయికి ఫోను చేసి, ఆ అరెకరం కాగితాలు వెతికి పెట్టమన్నారు.