తొమ్మిదేళ్ళు మెక్స్‌షెన్ ఆడాక

ముందే చెప్తున్నా, మెక్స్‌షెన్ అనే ఈ పాచికలాట బాగుంది. దానికి పట్టిన తెగులల్లా తాగుడే.

2016లో మాస్టర్స్ చదవడానికి జర్మనీలో మాగ్దెబుర్గ్ చేరాను. చలికాలం, సాయంత్రం నాలుక్కే చీకటి, హాస్టల్ వంటగదిలో తప్ప ఎక్కడా మనిషి అలికిడి ఉండేది కాదు. అక్కడే నేర్పారు నాకీ ఆట. మెక్స్‌షెన్ అంటే బుల్లి మాక్స్ అని. కొందరు మైయర్ అంటారు, ఇంగ్లీషు వాళ్ళు మియా అంటారు. కావలసినవల్లా రెండు పాచికలు, వాటిని దాచే గిన్నె, అడుగున పెట్టడానికి బీరు గ్లాసు కింద వేసే అట్టముక్క.

గిన్నెలో పాచికలు గిలకొట్టి అట్టమీద బోర్లిస్తావు. అంచు కాస్త ఎత్తి నువ్వొక్కడివే చూసుకుంటావు. పెద్ద అంకె పదుల స్థానంలోకి, చిన్నది ఒకట్ల స్థానంలోకి. 4, 5 పడితే 54. 3, 6 పడితే 63. అన్నిటికన్నా తక్కువ 31, అక్కణ్ణించి 32, 41, అలా 65 దాకా. 65 పైన జంటలు: 11, 22, చివరికి 66. అన్నిటి నెత్తిమీదా 21. అదే మెక్స్‌షెన్. చూడ్డానికి పొట్టివాడు, పెత్తనం మాత్రం వాడిదే.

చూసుకున్నాక అంకె పైకి చెప్పి, గిన్నె అలాగే పక్కవాడికి జరుపుతావు. వాడు నిన్ను నమ్మితే, లోపలేముందో చూడకుండా మళ్ళీ గిలకొట్టి, నువ్వు చెప్పినదానికన్నా పెద్దది చెప్పాలి. పడకపోతే? పడిందని చెప్పాలి. ఆటంతా ఇక్కడే ఉంది. నమ్మకపోతే గిన్నె ఎత్తేస్తాడు. నువ్వు చెప్పినంతో, అంతకన్నా ఎక్కువో ఉంటే శిక్షగా వాడికి ఒక గుక్క మందు, తక్కువుంటే నీకు. 21 అన్నావనుకో, దానిపైన ఇంకేమీ లేదు కాబట్టి పక్కవాడు రెండిట్లో ఒకటి తేల్చుకోవాలి. చూడకుండా ఒప్పుకుంటే ఒక గుక్క. ఎత్తి చూశాక నిజంగానే 21 ఉంటే రెండు గుక్కలు. ఓడినవాడు కొత్త రౌండు మొదలుపెడతాడు.

నిబంధనలు ఐదు నిమిషాల్లో వచ్చేశాయి కానీ అంకెలు రాలేదు. జర్మన్‌లో ఒకట్లు ముందు పలుకుతారు, 54ని "నాలుగూ యాభై" అన్నట్టు. పాచికల్లోనేమో పెద్దది ముందు. మొదటి రాత్రి ఒకమ్మాయి 54 అంది. నా చెవికి 45 అని పడింది. ఈ ఆటలో 45 అన్నదే ఉండదు కదా, దొరికిపోయిందనుకుని గర్వంగా గిన్నె ఎత్తాను. లోపల చక్కగా 5, 4. వంటగది వంటగదంతా ఘొల్లుమంది. ఏమైనా భాష క్లాసులో రెండు నెలలు కూర్చున్నా పట్టుబడని అంకెలు ఈ ఆటతో రెండు వారాల్లో నోటికొచ్చేశాయి.

లెక్క ఇష్టమున్నవాళ్ళకి ఒక మాట. రెండు పాచికలు 36 రకాలుగా పడచ్చు. 54 సరిగ్గా నడిమి గీత, దాన్ని దాటేవి 18. 61 నుంచీ అబద్ధాలదే పైచేయి అన్నమాట. 65ని దాటేవి ఎనిమిదే. అందుకే 65 తర్వాత మెల్లిగా, మొహమాటంగా "11" అన్నవాణ్ణి నేను వదలను. పదకొండు నిజంగా పడేది 36లో ఒక్కసారి. వాడు చెప్పేది మాత్రం ఏమీ పడని ప్రతిసారీ. కొత్తవాళ్ళు అబద్ధం చెప్పాల్సొస్తే ఒక్క మెట్టే ఎక్కుతారు, ఎక్కువ ఎక్కితే పాపం అన్నట్టు. పాతకాపులు ఒక్కోసారి నిజంగా 62 పడినా 44 అంటారు. పక్కవాడు నమ్మాడా, దాన్ని దాటలేక వాడే చస్తాడు.

మన మూడుముక్కలాట ఆడినవాళ్ళకి ఇందులో ఒక లాభముంది. బ్లైండ్ ఆడడం, అంటే ముక్కలు చూడకుండానే పందెం కాయడం, మనకి అలవాటే. ఇక్కడా అంతే, గిలకొట్టి, చూసుకోకుండానే అంకె చెప్పి జరిపేయడం. మొహంలో ఏమీ కనపడదు, ఎందుకంటే నిజంగానే మనకేమీ తెలీదు. జర్మన్ స్నేహితులకి ఇది చూస్తే ఒళ్ళు మంట.

ఇక తెగులు సంగతి. ఈ ఆటలో ఓడినవాడికి శిక్ష మందు. మందు పడ్డవాడికి అబద్ధం కుదరదు, నవ్వొచ్చేస్తుంది, అంకె తడబడుతుంది. వాడే మళ్ళీ ఓడతాడు, మళ్ళీ తాగుతాడు. గంట తిరిగేసరికి ఆరుగురిలో నలుగురు మంచినీళ్ళు తాగినట్టుంటారు, ఇద్దరు గోడకి ఆనుకుని ఉంటారు. ఏ ఆటలోనైనా వెనకబడ్డవాడికి కోలుకునే దారి ఉండాలి, ఇక్కడ మాత్రం మునిగేవాడి తలమీదే రాయి పెడతారు. మొదటి ఏడాది ఆ మునిగేవాణ్ణి ఎక్కువగా నేనే. అదీ బీరుతో కాదు, ష్నాప్స్ అనే ఘాటు సారాయితో. గ్లాసు చిన్నదే, 20 మిల్లీలీటర్లు, మన స్మాల్ పెగ్గుకన్నా తక్కువ. కానీ రౌండుకి రెండు నిమిషాలు పడితే గంటకి 30 రౌండ్లు. ఆరుగురికి పంచితే తలా ఐదు. ఐదిరవైలు నూరు మిల్లీలీటర్లు, గంటలో, అదీ సగటు మనిషికి. ఓడేవాడి సంగతి ఊహించుకోండి. ఒక రాత్రి సైకిలు తోసుకుంటూ ఇంటికెళ్ళాను, తొక్కే స్థితిలో లేను. అదే మంచిదైంది. జర్మనీలో రక్తంలో ఆల్కహాలు 1.6 ప్రమీల్, అంటే వెయ్యిలో 1.6 వంతులు, దాటాక సైకిలు తొక్కినా నేరమేనని తర్వాత తెలిసింది.

అప్పట్నుంచి నా బల్ల దగ్గర గుక్కలు లేవు, ప్రాణాలున్నాయి. తలా ఆరు అగ్గిపుల్లలు, ఓడితే ఒకటి పోతుంది, మెక్స్‌షెన్‌కి రెండు. పక్కన ఎవడి గ్లాసు వాడిది, ఎవడికి తోచినంత వాడు తాగుతాడు, మానేస్తాడు. ఒకసారి అగ్గిపుల్లల బదులు పల్లీలు పెట్టి చూశాం. ప్రాణాలన్నీ ఆట మధ్యలోనే తినేశారు.

అగ్గిపుల్లల పద్ధతి ఎంత పనిచేస్తుందో మా అమ్మ వచ్చినప్పుడు తేలింది. 2022లో మూడు నెలలు ఉంది. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో అమ్మ చేతిలో ఓడని మనిషి లేడు మా ఇంట్లో. "ఇందులో గవ్వలు దాచి ఆడతారేంట్రా, సిగ్గులేకుండా" అంటూ మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చుంది. మొదటి రెండు రౌండ్లు నిజాలే చెప్పింది. మూడో రౌండులో నా ఫ్రెండు 64 అన్నాడు. అమ్మ నమ్మి, గిలకొట్టి, గిన్నె అంచు ఎత్తి చూసుకుని, "అయ్యో, ఇంతేనా" అని నిట్టూర్చి, 55 అంది. అంత దిగులుగా చెప్పిన మనిషి అబద్ధమాడుతుందని ఎవడనుకుంటాడు? నేను నమ్మి గిలకొట్టాను, పడలేదు, దొరికిపోయాను. తర్వాత అడిగితే, తనకి అప్పుడు పడింది 31ట. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా "కూర వండుకున్నాను" అంటే చాలు, "ఎత్తి చూపించరా గిన్నె" అంటోంది.

ఒక జాగ్రత్త. కొత్తవాళ్ళు వస్తే ఆటకి ముందే నిబంధనలు అనుకోండి. ఒకసారి ఒక డెన్మార్క్ అతను వచ్చాడు. వాళ్ళ లెక్కలో 21 తర్వాతి గొప్పది 31ట, చిన్న మైయర్ అంటారట. మాకేమో 31 అట్టడుగు. అతను 31 అని ఛాతీ విరుచుకుని చెప్తే మేం జాలిపడ్డాం. అరగంట వాదన.

సామాను విషయానికొస్తే తోలు గిన్నె కొనండి. ప్లాస్టిక్‌ది చప్పుడుకి కింది ఇంటివాళ్ళు పైకొస్తారు. నాది తొమ్మిదేళ్ళకి అంచు మెత్తబడిందంతే. అట్టముక్కలు మాత్రం పూటకొకటి, బీరు తగిలితే వంగిపోతాయి, వంగిన పక్కనుంచి లోపలి పాచిక కనపడుతుంది. ఐదారుగురైతే బ్రహ్మాండం. ఎనిమిది దాటితే తన వంతు వచ్చేలోపు జనం ఫోన్లలో మునుగుతారు. ముగ్గురే ఉంటే దీని జోలికి పోకుండా రమ్మీ పంచుకోండి.